అప్‌డేట్: స్విట్జర్లాండ్ కొండల్లో మూడు వారాలు, చివరికి ఏ రైలు పాస్ తీసుకున్నామంటే

హన్మకొండ నుంచి ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మకాం గ్రిండెల్వాల్డ్ అనే కొండ ఊర్లో. స్విస్ ట్రావెల్ పాస్ (ఒకసారి కొంటే ఆ రోజులన్నీ రైళ్లు, బస్సుల్లో తిరగొచ్చు) మేలా, హాఫ్ ఫేర్ కార్డ్ (టికెట్లు సగం ధరకు ఇచ్చేది) మేలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. హాఫ్ ఫేర్ కార్డే గిట్టుబాటైంది.

ట్రావెల్ పాస్ వరుసగా 15 రోజులకు మించి దొరకదు. వాన పడి గదిలో కూర్చున్నా ఆ రోజు పోయినట్టే. హాఫ్ ఫేర్ కార్డ్ నెల రోజులు నడుస్తది. అసలు తేడా పైకెక్కే రైళ్ల దగ్గర: కొండ మీద ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్ టికెట్ మీద ట్రావెల్ పాస్‌తో 25 శాతమే తగ్గుతది, హాఫ్ ఫేర్‌తో సగం.

రోజూ తిరిగే రోజులకు బెర్నర్ ఓబర్లాండ్ పాస్ (గ్రిండెల్వాల్డ్ ఉన్న ప్రాంతానికి పనిచేసేది) కలుపుకోమన్న సలహా బంగారం. హాఫ్ ఫేర్ కార్డ్ ఉంటే అది తక్కువ ధరకు వస్తది. ఫస్ట్, హార్డర్ కుల్మ్, షీనిగె ప్లాట్టె అనే కొండ చోట్లన్నీ అందులోనే. అయితే యుంగ్‌ఫ్రావ్‌యోహ్ దారిలో ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్ దాకానే చెల్లుతది, ఆ పైకి విడిగా టికెట్ కొనాలి.

6 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలుంటే కార్డ్ కొనేటప్పుడే ఉచిత ఫ్యామిలీ కార్డ్ (దాంతో పిల్లలు తల్లిదండ్రులతో ఉచితంగా తిరగొచ్చు) అడిగి తీసుకోండి. తనిఖీకి పాస్‌పోర్ట్ దగ్గరుండాలి.

యూరప్ దేశాల్లో తిరిగే రైలు పాస్ యూరైల్ మాకు పనికిరాలేదు, కొండ రైళ్లలో చాలావాటికి అది తగ్గింపే ఇస్తది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే టూరిస్ట్ రైలుకు ఏ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బు వేరే. అదే పట్టాల మీద మామూలు రైళ్లకు అక్కర్లేదు.

రోజుకో ఊరు మారేవాళ్లు మాత్రం ట్రావెల్ పాస్ లెక్క కూడా వేసి చూడండి.