నాన్న మంచాన పడ్డాడు, చెల్లెలు మలావిలో సేవలో ఉంది: రమ్మనాలా, వద్దా?

దేవరకొండ అక్క:
మా చెల్లెలు, మరిది ఆఫ్రికాలోని మలావికి మిషనరీలుగా వెళ్లి నాలుగేళ్లు. మొన్న క్రిస్మస్‌కు వారం ముందు నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు వచ్చి పోతున్నాను.

సంఘంలో ఇప్పుడు ఇదే చర్చ. నాగలి మీద చెయ్యి పెట్టినవాడు వెనక్కి చూడకూడదని కొందరు అంటుంటే, సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు కదా అని మిగతావాళ్లు అంటున్నారు.

నా మటుకు నేను రమ్మనకూడదనే అంటాను. మొదటి ఏడాది ఫోన్ చేస్తే ఏడుపే. కరెంటు ఉండదు, భాష రాదు, చిన్నోడికి రెండుసార్లు మలేరియా. 2023 నవంబర్‌లో అక్కడి డబ్బు, క్వాచా విలువ ఒక్కసారిగా తగ్గించాక ధరలు మండిపోయాయి. పక్కింట్లో ఒక్క పూటే పొయ్యి వెలుగుతుంటే తను రెండు పూటలా వండుకోవాలంటే సిగ్గేస్తోందని చెప్పింది.

అలాంటి పిల్లకు ఆ పక్కింటి ముసలమ్మే న్సిమా వండటం నేర్పింది. మక్కపిండిని మరిగే నీళ్లలో పోసి, పెద్ద చెక్కగరిటెతో జబ్బలు నొప్పి పుట్టేదాకా తిప్పాలట. "అక్కా, ఇది మన గట్కే, రవ్వకు బదులు మెత్తటి పిండి, అంతే. గుమ్మడాకును పల్లీల పొడి వేసి వండుతారు, అచ్చం అమ్మ చేతి కూరే" అని వీడియో కాల్‌లో గిన్నె చూపించి నవ్వింది. ఇప్పుడు ఆ భాషలోనే ఆడవాళ్లకు వాక్యం చెబుతోంది. వేళ్లు పట్టిన మొక్కను పీకమంటారా? నాన్న కూడా ఆ వంకరపోయిన నోటితోనే "రావద్దు" అన్నాడు.

నల్గొండ విశ్వాసి:
మీతో ఏకీభవిస్తున్నాను అక్కా. 1890లో రష్యా నుంచి అబ్రాహాం ఫ్రీజెన్ దంపతులు మా నల్గొండకు వచ్చారు. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటేనే వారాలు పట్టే కాలం. ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా వాళ్లు తిరుగు ఓడ ఎక్కి ఉంటే నల్గొండలో సంఘం నిలిచేదా?

పాలమూరు తమ్ముడు:
అక్కా, నాన్న "రావద్దు" అన్నాడని మీరు నమ్మితే తప్పు చేస్తున్నట్టే. మాది వలసల జిల్లా. మా అమ్మానాన్నలు బొంబాయి పనికి వెళ్లినప్పుడు నన్ను నానమ్మ దగ్గర వదిలారు. ఎప్పుడు ఫోన్ చేసినా "నాకేం కాలే, పని చూసుకోండి" అనేది. ఫోన్ పెట్టేశాక గోడకు తిరిగి పడుకునేది. ఆమె పోయిన రెండో రోజుకు గానీ వాళ్లు ఊరు చేరలేదు. దేవునికి అర్పించామన్న పేరుతో తల్లిదండ్రులకు చెయ్యాల్సింది ఎగ్గొట్టడాన్ని యేసుప్రభువే తప్పుపట్టాడు, కొర్బాను మాట గుర్తుందా? ఒక్కటి చెప్పండి. నాన్నను రాత్రిపూట పక్కకు తిప్పేది ఎవరు? అమ్మే కదా? ఆమెను ఎవరైనా అడిగారా?

జడ్చర్ల నర్సమ్మ:
మిషన్ ఆస్పత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. ముందు ఆరోగ్యం సంగతి. పక్షవాతంలో మొదటి నెలలే ముఖ్యం. రోజూ కాలు, చెయ్యి ఆడించే మనిషి పక్కన ఉండాలి. నడుముకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. ఒక్క ముసలి ప్రాణంతో అయ్యే పని కాదు.

పాత మిషనరీల కష్టం కూడా తక్కువది కాదు, చదువు కోసం పిల్లల్ని పళని కొండల్లో ఉన్న కొడైకెనాల్ బోర్డింగుకు పంపి నెలల తరబడి దూరంగా ఉండేవాళ్లు. కానీ వాళ్లు కూడా కొన్నేళ్లకోసారి ఫర్లో మీద, అంటే మిషన్ ఇచ్చే సెలవు మీద, సొంత దేశం పోయేవాళ్లు. దాన్ని సేవ వదిలెయ్యడం అని ఎవరూ అనలేదు. మీ చెల్లెల్ని మూడు నెలలకు రమ్మనండి, అల్లుడు అక్కడే ఉండి పని చూసుకుంటాడు.

దేవరకొండ అక్క:
తమ్ముడూ, మీరడిగింది రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. నిన్న అమ్మను అడిగాను. నాన్న చొక్కా మడతపెడుతూ ఉంది, తలెత్తలేదు. "దాన్ని పంపేటప్పుడు కూడా నన్నెవరూ అడగలే బిడ్డా. నువ్వు ఆదివారం పోయినంక మళ్ల శనివారం దాకా నేనొక్కదాన్నే" అంది. నాలుగేళ్లుగా చెల్లెలి త్యాగం గురించి సాక్ష్యం చెప్పుకుంటున్నాం, ఈమె గురించి ఒక్క మాట చెప్పలేదు.

పూర్తిగా తిరిగి రమ్మనకూడదు అన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను, ఆ పక్కింటి ముసలమ్మ వాళ్లను వదిలెయ్యమని చెప్పలేను. కానీ నర్సమ్మ గారు చెప్పినట్టు మూడు నెలలకు రమ్మని సాయంత్రం ఫోన్ చేశాను. ఇక్కడ ఏడున్నర, అక్కడ నాలుగు. చెల్లెలు ఏడ్చింది. "నువ్వు రమ్మంటావని చూస్తున్నా అక్కా, నేనే అడిగితే పారిపోయానంటారని భయం" అంది. టికెట్ డబ్బుల సంగతి వచ్చే ఆదివారం సంఘంలో లేచి నేనే అడుగుతాను.