పోర్ట్ కంపెనీలకు పొడి అక్షరాలు: ‘కో’ అంటే కోబర్నా, కోప్కేనా?

బురుజు_కర్నూలు:

అందరికీ నమస్తే. మేం ఆరుగురం కలిసి మూడేళ్లుగా పోర్ట్ వైన్ మీద ఒక షీట్ నడుపుతున్నాం. ఎవరు ఏ సీసా కొన్నారు, ఎప్పుడు తెరిచారు, ఎలా ఉంది, ఇంకెన్ని మిగిలాయి, అన్నీ అందులోనే రాసుకుంటాం. ఇద్దరు బెంగళూరులో ఉన్నారు, ఒకడు లండన్‌లో, మిగతావాళ్లం కర్నూలు, అనంతపురం. (పోర్ట్ అంటే మన దగ్గర చాలామందికి గోవా నుంచి తెచ్చే తియ్యటి ఎర్ర వైన్ గుర్తొస్తుంది. నేను చెప్పేది పోర్చుగల్‌ది, డోరో లోయ ద్రాక్షతో చేసేది, పులుస్తుండగానే మధ్యలో ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేస్తారు కాబట్టి తీపి మిగిలిపోతుంది, ఘాటు 20 శాతం దాకా ఉంటుంది.)

షీట్ తెలుగులోనే ఉండాలని మొదటి రోజే అనుకున్నాం, ఇప్పటికీ అదే మాట. కానీ కంపెనీల పేర్లు పొడుగు, ఫోన్‌లో కొట్టాలంటే విసుగు, అందుకని ఎవరికి తోచిన పొడి అక్షరాలు వాళ్లు పెట్టేశారు. టేలర్ కంపెనీకి ఒకరు ‘టే’ అంటే ఇంకొకరు ‘టీ’, గ్రాహం కంపెనీకి ఒకరు ఇంగ్లిష్ అక్షరం పలికినట్టు ‘జీ’ అని రాస్తే ఇంకొకరు ‘గ్రా’. పోయిన సంక్రాంతికి లండన్ తమ్ముడు వస్తుంటే షీట్‌లో ఉన్న ‘జీ 83’ తెమ్మన్నాం. మేం అనుకున్నది గ్రాహం 1983, వాడు వెతికి వెతికి తెచ్చింది గూల్డ్ క్యాంప్‌బెల్ 1983. వాణ్ణి ఏమనగలం, రెండు పేర్లూ అదే అక్షరంతో మొదలు, రెండు కంపెనీలూ ఆ ఏడు వింటేజ్ (ఒకే మంచి ఏడాది ద్రాక్షతో చేసే పోర్ట్) చేశాయి. డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లే కదా, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే వస్తాయి, అందులో ఒకటి ఇలా అయింది. సీసాను వారం రోజులు నిలబెట్టి, మడ్డి అడుగుకు దిగాక వంచి తాగాం, వైన్ చాలా బాగుంది, అయినా ఏడాదికోసారి వచ్చే అవకాశం అది, బాధగానే ఉంది.

ఇంకో తిరకాసు కోబర్న్, కోప్కె. కోబర్న్‌ను ఇంగ్లిష్‌లో చూస్తే ‘కాక్‌బర్న్’ లాగా ఉంటుంది, కానీ మధ్యలో ఉన్న సీకే పలకరు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి అది ‘కో’ అయింది, కోప్కె కూడా ‘కో’యే అయింది. ఒకటి 1815లో పెట్టింది, ఇంకొకటి 1638 నుంచి ఉంది, రెంటికీ పోలికే లేదు. ఇప్పుడు అందరం ఒక పద్ధతికి రావాలి. మీరెలా రాస్తున్నారో చెప్పండి.

గుత్తికోట:

అన్నా, నన్నడిగితే పేరుతో కలవాలన్న పట్టుదల వదిలేయండి. కడప స్టేషన్ కోడ్ ఏంది? హెచ్‌ఎక్స్. పేరులో ఉన్న ఒక్క అక్షరమన్నా అందులో ఉందా? గుంతకల్లు జీటీఎల్, గుత్తి జీవై, ఇవి తెలుస్తాయి, కడప మాత్రం తెలియదు, అయినా టికెట్ మీద హెచ్‌ఎక్స్ చూస్తే కడప అని మనోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి ఇంకొకదానితో కలవకుండా ఉంటే చాలు, ఒకసారి అలవాటైతే అదే పేరైపోతుంది. పోర్ట్ వాళ్లలోనే చూడండి, టేలర్ వాళ్ల గుర్తు నాలుగు అంకె పక్కన రెండు ఎక్స్‌లు, పేరుకు సంబంధమే లేదు, పీపాల మీద చూడగానే వాళ్లదే అని తెలుస్తుంది. పీపా అంటే గుర్తొచ్చింది, మన నీళ్ల పీపా అనే మాట కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే, వాళ్లు పోర్ట్ నిలవేసే పెద్ద చెక్క పీపాను ‘పిపా’ అనే అంటారు, డోరోలో ఒక పిపా అంటే 550 లీటర్లు లెక్క.

పెన్న_ఒడ్డు_కడప:

తమ్ముడూ, మాది కడపే. హెచ్‌ఎక్స్ మనకు అలవాటైంది కాబట్టి సరే, బయటివాళ్లు ఇప్పటికీ తడుముకుంటారు. ఆరుగురు రాసే షీట్‌లోకి రేపు ఏడో మనిషి వస్తే ఏం చేస్తారు, పక్కన ఇంకో పట్టిక పెట్టుకొని చూస్తారా? చూడగానే పేరు నోటికి రావాలి. నేను బెంగళూరులో ఒక హోటల్ బార్‌లో ఎనిమిదేళ్లు స్టాక్ రాశాను, ఈ విషయం నాకు బాగా తెలుసు.

అసలు గొడవ ఎక్కడొస్తోందంటే, ఒక్క అక్షరం పెట్టడం దగ్గర. తెలుగులో ఒక్క అక్షరానికి చాలాసార్లు సొంత అర్థం ఉంటుంది. ‘గ్రా’ అంటే గ్రాహం అనుకుంటున్నారు, అదే వరుసలో తీపి లీటరుకు 100 గ్రా. అని రాస్తే? నీపోర్ట్‌కు ‘నీ’ పెడితే ‘నీ 2005 తెరిచాం’ అని చదవాలి, చదివినవాడు నా సీసా తెరిచారా అని ఉలిక్కిపడతాడు. నోవాల్‌కు ‘నో’ పెట్టి పక్క కాలమ్‌లో ‘మిగిలిందా?’ అని ఉంటే దాన్ని లేదు అని చదువుతారు. మా స్టాక్ పుస్తకంలో సరిగ్గా ఇదే జరిగింది, నీపోర్ట్ పెట్టె ఒకటి రెండు నెలలు ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పేరు ఒక్క మాటైతే మొదటి రెండు అక్షరాలు, రెండు మాటలైతే ఒక్కోదాని నుంచి ఒకటి. టేలర్ టేల, గ్రాహం గ్రాహ, ఫెరేరా ఫెరే, నీపోర్ట్ నీపో, నోవాల్ నోవా. మీ కోబర్న్ కోబ, కోప్కె కోప, అక్కడితో ఆ తగువు తీరింది. స్మిత్ వుడ్‌హౌస్ స్మివు, రామోస్ పింటో రాపి, మీ గూల్డ్ క్యాంప్‌బెల్ గూక్యా. డౌ, వారే ఎలాగూ చిన్నవే, అలాగే ఉంచండి. ఒక్క ఫోన్సెకా మాత్రం పద్ధతి ప్రకారం ‘ఫోన్’ అవుతుంది, అది కుదరదు, అందుకని ఫోసె అని రాసుకుంటాను. ముందు ‘కింటా’ అని ఉండే పేర్లకు ఆ మాట వదిలేయండి, కింటా అంటే వాళ్ల భాషలో తోట, ఎస్టేట్, సగం పేర్లకు అదే ఉంటుంది.

మెట్టచేను_అనంతపురం:

అక్క చెప్పిందే కరెక్ట్, కానీ పేరొక్కటే సరిచేస్తే సరిపోదు, సంవత్సరం కూడా నాలుగంకెలు రాయాలి. ‘టేల 20’ అంటే 20 ఏళ్ల టానీనా, 2020 ద్రాక్షా? పీపాలో పాతబెట్టే పోర్ట్‌ను టానీ అంటారు, దాని మీద ఉండే 10, 20, 30, 40 అంకెలు ఏ సంవత్సరం ద్రాక్షో చెప్పవు, ఎన్నేళ్లు పీపాలో పాతబడిన రుచో చెబుతాయి. అలాగే ‘63’ అంటే అందరం 1963 అనే అనుకుంటాం, పెద్ద పేరున్న వింటేజ్ కదా, కానీ టేలర్ వాళ్లు పీపాలో దాచిన 1863ను కూడా సీసాల్లో పోసి అమ్మారు. వందేళ్ల తేడా రెండంకెల్లో పోతుంది.

మా ఊళ్లో వేరుశనగ విత్తనం అడిగితే ‘కే సిక్స్’ అంటే చాలు, కదిరి 6 అని కొట్టువాడికి తెలుస్తుంది. కానీ ఉత్త ‘కదిరి’ అంటే ఏమిస్తాడు, కదిరి పేరుతో ఎన్ని రకాలున్నాయి! ఇక్కడా అంతే, కంపెనీ పేరు సగమే. వింటేజా, ఎల్‌బీవీనా (వింటేజ్ కన్నా ఆలస్యంగా సీసాకెక్కేది), టానీనా, కోలీటానా (ఒకే ఏడాది ద్రాక్షతో చేసిన టానీ), ఆ మాట పూర్తిగా రాయండి, అందులో పొదుపు వద్దు. వింటేజ్ రెండు మూడేళ్లకే సీసాకెక్కుతుంది, కోలీటా కనీసం ఏడేళ్లు చెక్కలో ఉంటుంది, ఒకే సంవత్సరం అంకె ఉన్నా రెండూ వేరే వైన్లు.

గుత్తికోట:

సరే, హెచ్‌ఎక్స్ మాట వెనక్కి తీసుకుంటున్నా, అక్క పద్ధతే బాగుంది. కానీ ఒక డౌట్. ముందు యజమాని పేరు కూడా పెడితే? గ్రాహం, డౌ, వారే, కోబర్న్, స్మిత్ వుడ్‌హౌస్ అన్నీ సిమింగ్టన్ కుటుంబానివే, టేలర్, ఫోన్సెకా, క్రాఫ్ట్ ఒక గుంపు. వెతకడం తేలికవుతుంది కదా.

పెన్న_ఒడ్డు_కడప:

వద్దు తమ్ముడూ. యజమానులు మారుతుంటారు, సీసా మీద పేరు మారదు. క్రాఫ్ట్‌ను టేలర్ వాళ్లు కొన్నది 2001లో, కోబర్న్ పేరు సిమింగ్టన్ వాళ్ల చేతికి వచ్చింది 2010లో. నీ దగ్గర క్రాఫ్ట్ 1963 ఉంటే దాన్ని ఎవరి కింద రాస్తావు? కావాలంటే చివర వేరే కాలమ్ పెట్టుకో.

తోట పేరు మాత్రం కలపాలి. గ్రాహం వాళ్లు వింటేజ్ ప్రకటించని ఏళ్లలో మాల్వేడోస్ అని తోట పేరుతో వదులుతారు, అది గ్రాహ-మాల్. టేలర్ వారి వార్జెలాస్ టేల-వార్జె. అన్నిటికన్నా ముఖ్యం నోవాల్ నాసియోనాల్. అది అదే తోటలో అంటు కట్టకుండా సొంత వేళ్ల మీద పెరిగే తీగలది, మామూలు నోవాల్‌తో కలిపి ‘నోవా’ అని రాస్తే ధర కాలమ్ చూసి గుండె ఆగిపోతుంది. దానికి నోనా అని పెట్టండి.

బురుజు_కర్నూలు:

అక్కా, తమ్ముళ్లూ, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మొదటి 60 వరుసలు మార్చేశాను. గ్రాహ, గూక్యా పక్కపక్కన చూస్తే ఇక పొరపాటు పడే అవకాశమే లేదు.

మారుస్తుంటే ఒక వరుస దగ్గర ఆగిపోయాను, అందరికీ పనికొస్తుందని చెబుతున్నా. 1977 అని ఉంది, ఒకరు ‘ఫె’ అని, ఇంకొకరు ‘వా’ అని కొట్టేసి కొట్టేసి రాశారు. బిరడా నా దగ్గరే దాచిపెట్టాను, తీసి చూశా. లేబుల్ లేని సీసా అది, మీద తెల్ల పెయింట్ మచ్చ మాత్రం ఉండేది, పడుకోబెట్టేటప్పుడు అది పైకి ఉండాలి అన్న గుర్తు. బిరడా తీస్తుంటే చివికి ఊడిపోయింది, మిగిలిన ముక్క మీద ఆర్, ఆర్, ఈ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలే కనబడుతున్నాయి. అవి వారేలోనూ ఉన్నాయి, ఫెరేరాలోనూ ఉన్నాయి. చివరికి వేలంలో కొన్న రసీదు దొరికితే వారే అని తేలింది. అందుకని ఇప్పుడు ఇంకో కాలమ్ కలిపాను: బిరడా మీద కళ్లకు కనబడింది కనబడినట్టు, మన పొడి అక్షరం దాని పక్కన.

తక్కువ వరుసలు చేసినవాళ్లు బెంగళూరు ఇద్దరూ, మీవి 61 నుంచి 90 దాకా, ఆదివారం లోపు మార్చండి. ఫోన్సెకా వాళ్ల గిమరాయిన్స్ కూడా మన దగ్గర రెండు సీసాలున్నాయి, దానికి ఫోసె-గిమ అని రాస్తున్నా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

మెట్టచేను_అనంతపురం:

అభ్యంతరం ఏం లేదన్నా, ఫోసె-గిమ బాగుంది. ఆ 1977 వారే మడ్డి ఎంత వచ్చిందో కూడా రాసిపెట్టు, నా దగ్గరున్నది ఈ దసరాకు తెరవాలనుకుంటున్నా.