సమస్య: “తమ్ముని సతి నన్న వరించెఁ దప్పు లేదు”

నిర్వాహకుడు: ‘ద సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రిటీ’ అనే అమెరికన్ సీరియల్ చివరి సీజన్ ముగిసింది. 2025 జూలై 16 నుంచి సెప్టెంబరు 17 దాకా పదకొండు భాగాలు. అదే సముద్రతీరం, అదే ఇల్లు, అదే అన్నదమ్ముల (అన్న కాన్రాడ్, తమ్ముడు జెరెమయా) నడుమ అదే అమ్మాయి బెల్లీ. మూడు సీజన్లుగా నడిచిన ఈ ఊగిసలాట చూస్తుంటే పై పాదం తోచింది. పూరించండి.

తీరవాసి:

ఉంగరము మాత్రమే గద యుంచె వ్రేలఁ
బెండ్లిదినమందె తెగిపోయెఁ బ్రేమముడియు
పారిసుకుఁ జేరె నామెకై పయనమగుచు
తమ్ముని సతి నన్న వరించెఁ దప్పు లేదు

గణవిభజన: నడక బాగుంది. కాని మొదటి పాదంలో ఉంగరం మాత్రమే అన్నారు, చివర ‘సతి’ని అలాగే వదిలేశారు. చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది కదా! చిక్కు విప్పకుండా విమానం ఎక్కించారు. అన్నట్టు, ఈ సీరియల్‌కు మూలమైన నవలల్లో 2011లో వచ్చిన మూడోదానిలో ఆమె వెళ్ళింది స్పెయిన్‌కు. సీరియల్ వాళ్ళు పారిస్‌కు మార్చడం మీ యతికి కలిసివచ్చింది.

కొంటెకోణంగి: ఆ చిక్కు నేను విప్పుతాను.

కూడి పెరిగిన ముగ్గురి కొంటె కథను
వేదిక వఱకు వచ్చియు విడిచి పోయెఁ
బేరుకే యాలి, నిజమునఁ బెండ్లి కాని
తమ్ముని సతి నన్న వరించెఁ దప్పు లేదు

తీరవాసి: ‘పెండ్లి కాని’ దగ్గర పాదం విరిచి సమస్య నోరు మూయించారు. భేష్!

పాతగ్రంథం: పెండ్లి కాని తమ్మునికి సతి ఎక్కడిది? అన్వయం తమ్ముడి మీదికి పోతోంది. పైగా ఈ సీరియళ్ళ గొడవ మనకెందుకు? అసలు సమాధానం భారతంలోనే ఉంది.

మత్స్యయంత్రముఁ గొట్టినవాఁడు నరుఁడు
తల్లి పలుకున నేవురు దారఁ గొనిరి
ధర్మజుని వంతు ముందయ్యె; ధర్మ మదియె
తమ్ముని సతి నన్న వరించెఁ దప్పు లేదు

నిర్వాహకుడు: మూడో పాదం అద్భుతం. ధర్మజుడి పక్కనే ధర్మాన్ని కూర్చోబెట్టారు.

కొంటెకోణంగి: మొదటి పాదం కూడా చదవండి. ‘మత్స్య’కు ‘వాఁడు’ యతి ఎలా కుదిరింది? మకారానికీ వకారానికీ ఎప్పుడు చుట్టరికం కలిసిందో! ‘కొట్టిన మగఁడు’ అంటే సరిపోయేది. నా అన్వయం దారి తప్పిందన్న పెద్దలు తమ యతి ఎక్కడ దిగిందో చూసుకోలేదు.

పాతగ్రంథం: పూర్వకవి ప్రయోగం ఉంది.

గణవిభజన: ఇదే సీరియల్ మీద ఇదివరకు ఇచ్చిన పీచ్ పండు సమస్యలోనూ ఇదే మాట అన్నారు. రోడ్డు పక్క దుకాణంలో బెల్లీ పీచ్ కొరికే ఘట్టానికి తమరు మామిడిపండు తెచ్చారు. మూడు మాత్రల సూర్యగణం కావలసిన చోట నాలుగు మాత్రల ‘మామిడి’ దిగింది. అడిగితే పూర్వకవులంతా మామిడినే వర్ణించారన్నారు.

పాతగ్రంథం: ఆ పద్యానికి పద్దెనిమిది మెచ్చుకోళ్ళు వచ్చాయి.

కొంటెకోణంగి: మెచ్చుకోళ్ళతో గణం సరిపోదు. భారతం వైపు వెళ్ళినవారు రామాయణం వైపూ ఒక చూపు వేయవలసింది. తమ్ముని భార్యను తీసుకున్న అన్న వాలి. అక్కడ ‘తప్పు లేదు’ అని రాముడు అనలేదు.

తీరవాసి: కాన్రాడ్ పక్షం వాళ్ళు అతణ్ణి వాలితో పోలిస్తే ఊరుకోరు! ఆ పెళ్ళి చెడడానికి విత్తనం వేసింది తమ్ముడు జెరెమయా. మెక్సికోలోని ‘కాబో’ అనే ఊళ్ళో వేరే అమ్మాయితో గడిపి వచ్చాడు.

వెన్నెలవాకిలి: ఇంత చర్చలో ఒక్కరూ ఆమెను అడగలేదు. ‘సతి నన్న వరించె’ అంటే వరించేది అన్న. మూడు సీజన్లు నడిచింది ఆమె ఎవరిని ఎంచుకుంటుందనే ప్రశ్న మీద. ‘న’ తీసి ‘య’ పెట్టండి, గణం చెక్కుచెదరదు.

విడిచెఁ దమ్ముని, విడిచె నా వేడుకలను
కొత్త నగరానఁ దన కాళ్ళఁ గుదురుకొనియె
మాటవరసకె యొకనాఁడు మాత్రమయిన
తమ్ముని సతి యన్న వరించెఁ దప్పు లేదు

గణవిభజన: ఒక్క అక్షరంతో కర్త కర్మ అయిపోయాడు! ‘మాత్రమయిన’తో ‘సతి’ చిక్కు కూడా తీరింది. కొంటెకోణంగి గారి పూరణలో అన్వయం రెండు వైపులా లాగుతోంది, ఇందులో ఆ పేచీ లేదు.

కొంటెకోణంగి: ఇచ్చిన పాదాన్ని మార్చితే అది పూరణ అవుతుందా? నిర్వాహకులు చెప్పాలి.

నిర్వాహకుడు: నియమం ప్రకారం కాదు. పోటీలో లెక్కించను. కాని పాదం ఇచ్చినప్పుడు నాకే ‘య’ తోచి ఉంటే బాగుండేదనిపిస్తోంది. ‘వరించె’ అన్న మాట మాత్రం నిలిచింది. నవల చివర వాళ్ళ పెళ్ళి ఉంది, సీరియల్ పెళ్ళిదాకా పోలేదు. అది సినిమాకు దాచారేమో, ప్రకటించారు కదా.

తీరవాసి: అయితే అప్పుడు ఇంకో సమస్య.

కొంటెకోణంగి: ముందు ఈ సమస్య తేలనివ్వండి. పాతగ్రంథం గారూ, మ–వ యతికి ఆ పూర్వకవి ఎవరు? పద్యం చూపండి.

పాతగ్రంథం: పుస్తకం పైఅరలో ఉంది.

కొంటెకోణంగి: మామిడిపండు నాడూ అక్కడే ఉంది.