అచ్చు మీద 140, త్రాసులో 135: సీసపు గుండు బరువు ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తిరుపతి

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో కౌబాయ్ షూటింగ్ పోటీల్లో పాల్గొంటాడు. 19వ శతాబ్దపు నమూనా తుపాకులతో, ఆనాటి వేషధారణతో, ఉక్కు పలకలను గురి చూసి కొట్టే ఆట అది. వాడిది మీట లాగి తూటా ఎక్కించే లీవర్ రైఫిలు. రైఫిలులో వాడే గుండు 140 గ్రెయిన్లకు (సుమారు 9 గ్రాములకు) తగ్గరాదని వాడి క్లబ్బు సొంతంగా ఒక నియమం పెట్టుకున్నది. పోటీ రోజున ఎవరి పెట్టెలో నుంచైనా నాలుగైదు తూటాలు తీసి, విప్పి, గుండ్లను తూచి చూస్తారు. (ఇత్తడి గొట్టం, మందు, గుండు కలిస్తే తూటా, నేను అడుగుతున్నది దాని కొసన ఉండే గుండు సంగతి మాత్రమే.)

మొన్న చలికాలంలో మూడు నెలలు వాడి దగ్గర ఉన్నప్పుడు, తండ్రీకొడుకులం ఇద్దరం కూర్చుని వాడు పోత పోసిన యాభై గుండ్లను ఒక్కొక్కటిగా తూచాము. అచ్చు మీద 140 అని చెక్కి ఉన్నా, ఎక్కువ భాగం 134, 135 దగ్గరే ఆగాయి. ఒకటి 131 మాత్రమే తూగింది. దాన్ని తిరగేసి చూస్తే అడుగున ఆవగింజంత గుంట కనిపించింది కాబట్టి దాని సంగతి అర్థమయింది. కానీ ఏ లోపమూ లేకుండా నున్నగా, అంచులు పదునుగా దిగిన గుండ్లు కూడా అయిదు గ్రెయిన్లు తగ్గడం ఎందుకో అంతుపట్టలేదు. ఈ కారణంగానే ఒక పోటీలో వాడి స్కోరు మొత్తం కొట్టివేశారు. తప్పు త్రాసుదా, అచ్చుదా, సీసానిదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కంసాలి, తిరుపతి

అయ్యవారికి నమస్కారం. తుపాకుల గురించి నాకు తెలియదు గానీ గ్రెయిను మనకు కొత్త కొలత కాదు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఒక గ్రెయిను దాదాపు 64.8 మిల్లీగ్రాములు కనుక మీ అబ్బాయికి కావలసిన 140 గ్రెయిన్లు 9.07 గ్రాములు అవుతాయి. సవరను బంగారం కంటే గ్రాము పైచిలుకు ఎక్కువ. మీరు చెప్పిన అయిదు గ్రెయిన్ల తేడా మూడో వంతు గ్రాము. మా అంగడిలో అంత తేడా వస్తే ఆ పూట వ్యాపారం ఆపి త్రాసు చూసుకుంటాం.

ముందుగా త్రాసును అనుమానించండి. ఫ్యాను ఆపాలి, బల్ల కదలకూడదు, త్రాసును ఆన్ చేసి కాసేపు ఆగాలి. తరువాత, మనం తూచబోయే వస్తువుకు దగ్గరి బరువున్న నమ్మకమైన రాయితోనే పరీక్షించాలి. వంద గ్రాముల దగ్గర సరిగా చూపే త్రాసు తొమ్మిది గ్రాముల దగ్గర కూడా సరిగా చూపుతుందని అనుకోరాదు. అక్కడ పడిరాయి దొరక్కపోతే అమెరికా అయిదు సెంట్ల కొత్త నాణేలు రెండు వేసి చూడమనండి. ఒక్కొక్కటి 5 గ్రాములు కాబట్టి రెండూ కలిసి 154.3 గ్రెయిన్లు చూపాలి.

ప్రశ్న అడిగినవారు

ఆచారిగారూ, నిన్న రాత్రి ఫోనులో వాడి చేత ఆ పరీక్ష చేయించాను. రెండు నాణేలు 154.4 చూపాయి. కాబట్టి త్రాసులో దోషం లేదు. ఇంకొక విషయం వాడు అప్పుడే చెప్పాడు: ఆ సీసం బజారులో కొన్నది కాదట, మూతపడిన ఒక ప్రింటింగు ప్రెస్సు నుంచి కొన్న లైనోటైపు దిమ్మెలట, అంటే అక్షరాలు పోత పోయడానికి వాడే లోహమట.

జవాబు: పాత ప్రెస్సు కుటుంబం, చిత్తూరు

మీ చివరి వాక్యంలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉన్నది. మా నాన్నగారు చిత్తూరులో చాలా ఏళ్ళు అక్షరాలు పేర్చి అచ్చు వేసే ప్రెస్సు నడిపారు. అరిగిపోయిన టైపును కరిగించడానికి పంపే రోజుల్లో ఆ డబ్బాలు మోసింది నేనే. మేము దాన్ని సీసం అనే పిలిచేవాళ్ళం కానీ అది వట్టి సీసం కాదు. లైనోటైపు లోహంలో నూటికి దాదాపు 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు ఆంటిమొనీ, 4 పాళ్ళు తగరం ఉంటాయి. ఆంటిమొనీ వల్ల లోహం గట్టిపడుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుపోవడం తగ్గుతుంది. అందుకే సన్నని వట్రసుడి కొస కూడా విరగకుండా పదునుగా దిగేది. మీరు చూసిన గుండ్ల అంచులు అంత పదునుగా ఉండడానికి కారణం కూడా అదే.

అయితే ఆ పదునుకు మూల్యం బరువు. ఘన సెంటీమీటరుకు సీసం 11.34 గ్రాములు తూగితే తగరం 7.3, ఆంటిమొనీ 6.7 గ్రాములే తూగుతాయి. పై పాళ్ళలో కలిపి లెక్కకడితే లైనోటైపు 10.26 దగ్గరకు వస్తుంది. అచ్చు తయారుచేసేవారు దాని మీద చెక్కే బరువు ఏదో ఒక నిర్ణీత మిశ్రమానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ మిశ్రమం 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ అనుకుంటే దాని సాంద్రత 10.67. అచ్చులోని గుంట అంతే ఉంటుంది, అందులో పోసే లోహం తేలిక. 140ని 10.26తో గుణించి 10.67తో భాగించండి, అయ్యవారూ: 134.6 వస్తుంది. మీ త్రాసు చూపించింది అదే.

కాబట్టి అచ్చు మార్చనక్కరలేదు, మెత్తని శుద్ధ సీసం కలిపితే చాలు. సగం లైనోటైపు, సగం సీసం వేస్తే లెక్క ప్రకారం 141 దాటుతుంది. కరిగిన లోహం మీద తేలే బూడిదరంగు తెట్టును చూడగానే తీసి పారవేయవద్దని చెప్పండి; అందులో తగరం ఉంటుంది, బాగా కలియబెట్టి మళ్ళీ లోపలికి పంపాలి. గాలి ఆడే చోట పని చేయాలి, పని ముగిశాక చేతులు కడగకుండా ఏమీ తినకూడదు. సీసం ఒంట్లోకి చేరితే చేసే హాని మా ఇంట్లో కళ్ళారా చూశాను.

జవాబు: కొన్నేళ్ళు అరిజోనాలో ఉండి వచ్చినవాడిని, పలమనేరు

పై వివరణ సరైనదే. ఆటవైపు నుంచి మూడు మాటలు చేర్చాలి.

ఇలాంటి క్లబ్బు నియమానికి, ఈ క్రీడకు పెద్ద సంస్థ అయిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమానికి తేడా ఉన్నది. సొసైటీ చూసేది గుండు బరువును వేగంతో గుణించి వెయ్యితో భాగించిన అంకెను; అది 60కి తగ్గకూడదు, వేగం సెకనుకు 400 అడుగులకు తగ్గకూడదు, రైఫిలులో 1,400 దాటకూడదు. 105 గ్రెయిన్ల గుండు 600 అడుగుల వేగంతో వెళ్ళినా 63 వచ్చి నెగ్గుతుంది. తేలిక గుండుతో వెనుకకు తన్నే దెబ్బ తగ్గి వేగంగా కాల్చవచ్చు కాబట్టి, అది అన్యాయమని భావించే క్లబ్బులు విడిగా బరువు నియమం పెట్టుకుంటాయి. అందువల్ల మీవాడు ఏ పోటీకి వెళ్ళినా ఆ పోటీ నియమాన్ని ముందుగా చదువుకోవాలి.

రెండవది, సగటు బరువును నమ్ముకోవద్దు. సగటు 140 ఉంటే దాదాపు సగం గుండ్లు దానికి దిగువనే ఉంటాయి, తూచేవారి చేతికి వచ్చేది వాటిలో ఒకటి కావచ్చు. అన్నిటికన్నా తేలికైన గుండు గీత దాటిందా అన్నదే చూడాలి. గుండు చుట్టూ ఉండే గాడుల్లో పూసే మైనం కూడా ఒకటి రెండు గ్రెయిన్లు తూగుతుంది. దాన్ని తుడిచి తూస్తారో, తుడవకుండా తూస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడవది ప్రాణానికి సంబంధించినది. బరువు కోసం మొన తేలిన పొడుగాటి గుండుకు మారాలనే ఆలోచన రానీయకండి. లీవర్ రైఫిలులో తూటాలు తుపాకీ గొట్టం కింద ఉండే మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వెనుక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న ప్రైమరుకు (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూతకు) తగులుతూ ఉంటుంది, కాబట్టి మొన బల్లపరుపుగానే ఉండాలి. మిశ్రమం మార్చి బరువు కాస్త పెరిగినా, ఆ గుండుకు తగిన మందు కొలతను ప్రచురిత పట్టికలో మళ్ళీ చూసుకోవాలి.

ఇది చదివే మన ఊళ్ళ యువకులకు ఒక మాట. అక్కడ ఇంట్లో చేసుకునే ఈ పని, ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మావాడు సగం సగం కలిపి, మైనం పూయకముందే ముప్పై గుండ్లు తూచి ఫొటో పంపాడు. అన్నిటిలో తేలికైనది 140.6, బరువైనది 141.7. అడుగున గుంట ఉన్న రెండింటిని మళ్ళీ కరిగించే పాత్రలో వేశాడు. మిగిలిన లైనోటైపు దిమ్మెల మీద "కలపకుండా వాడరాదు" అని చీటీ రాసి అంటించాడు.