రోజుకో వాగ్దాన వచనం చాలునా, అధ్యాయాలు వరుసగా చదవాలా?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)
అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పెట్టెలోంచి చీటీలా తీసుకున్న, ఒక్క బైబిల్ వచనం ఉండే వాగ్దాన కార్డును ఏడాదంతా బైబిల్లో దాచుకునేవాళ్ళు, పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వచ్చే వచనంతో రోజు మొదలుపెట్టేవాళ్ళు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. అది వాక్యధ్యానం కాదని గట్టిగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి రెండు ప్రశ్నలు. ధైర్యం కోసం ఒక్క వచనం సరిపోతుందా? నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ వచనాన్నే దేవుని జవాబుగా పట్టుకోవచ్చా? సాక్ష్యాలకు వేరే చర్చ ఉంది, ఇక్కడ వాక్యం చూపించి మాట్లాడండి.

కోటగోడ (గుత్తి)
సరిపోదు. కార్డుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే యిర్మీయా 29:11నే చూడండి. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న మాట బబులోనుకు చెరపట్టబడి పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దాని పై వచనం, 10వది, డెబ్బై ఏళ్ళు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటుంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం కళ్ళతో చూడరు. అందుకే 5 నుంచి 7 వచనాల్లో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది.

28వ అధ్యాయం కూడా తీయండి. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలోనే అంతా సర్దుకుంటుందన్నాడు. జనానికి నచ్చే మాట అదే, కానీ అది అబద్ధం. ఈ సంగతులు వదిలేసి 11వ వచనం ఒక్కటే కార్డు మీద వేస్తే, చదివినవాళ్ళకు హనన్యా చెప్పిన అర్థమే మిగులుతుంది. ఈ ఏడాదే ఉద్యోగం, ఈ ఏడాదే పెళ్ళి అనుకుంటారు. డిసెంబర్ వచ్చేసరికి జరగకపోతే దేవుడు మాట తప్పాడని కుంగిపోతారు. దేవుడు వాళ్ళకు అలాంటి మాట ఇవ్వనే లేదు.

ఫిలిప్పీ 4:13 సంగతీ అంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నదాన్ని పరీక్షల ముందు పిల్లలకు రాసిస్తారు. పై రెండు వచనాల్లో పౌలు చెప్పింది ఆకలిలోనూ కడుపు నిండినప్పుడూ ఒకేలా ఉండడం నేర్చుకున్నానని. అది బంధకాల్లో ఉండి రాసిన ఉత్తరం. ఫెయిలైన పిల్లవాడికి ఈ మాట ఇంకా ఎక్కువ కావాలి. గెలుపు మాటగా నేర్పితే ఆ రోజు అది వాడికి పనికిరాదు.

మగ్గం (ఎమ్మిగనూరు)
అన్నా, మీరు చూపించింది వచనాన్ని తప్పుగా వాడడం. ఒక్క వచనం చదవడమే తప్పని దానివల్ల రుజువు కాదు.

జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం 1731 నుంచి ఏటా అనుదిన వచనాల పుస్తకం అచ్చు వేస్తోంది. రోజుకో పాత నిబంధన వచనం చీటీ వేసి తీస్తారు. ఆ సంఘం నుంచే మిషనరీలు దూరదేశాలకు వెళ్ళారు. ఒక్క వచనంతో బలహీనులైపోయారని వాళ్ళను అనగలమా?

ఇంకో మాట. తెల్లవారుజామునే కూలికి పోయే అమ్మకు, చదువు రాని అవ్వకు, డయాలసిస్‌కు పోయొచ్చే మనిషికి మూడు అధ్యాయాలు చదవమని చెప్పడం దయ కాదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవదూత మొదట ఉపదేశం ఇవ్వలేదు. లేచి తిను అన్నాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మాట వినిపించింది ఆ తర్వాతే. అలసినవాడికి ముందు మోయగలిగినంత ఇవ్వాలి.

కోటగోడ (గుత్తి)
మొరేవియన్ల సంగతి సగమే చెప్పారు. చీటీలో వచ్చిన పాత నిబంధన వచనానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని ఆలోచించి ఎంపిక చేసి జత చేస్తారు. అంటే వాక్యాన్ని వాక్యంతో సరిచూసే ఏర్పాటు అందులోనే ఉంది. మన కార్డుల పెట్టెలో అది లేదు. పైగా వాళ్ళ చీటీల్లో కష్టమైన మాటలూ వస్తాయి, మన పెట్టెలో తీపి మాటలు తప్ప ఇంకోటి ఉండదు.

కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని మొదలయ్యే 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. 88వ కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా రాదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఆ కీర్తన ఎంత అవసరమో! దేవుని గ్రంథంలోనే నా ఏడుపు ఉంది అని వాళ్ళకు తెలియాలి. కార్డులతోనే పెరిగిన విశ్వాసికి అది ఎప్పటికీ కనబడదు.

మత్తయి 4:6 కూడా మరవద్దు. దేవాలయ శిఖరం మీద సాతాను 91వ కీర్తన నుంచే వాగ్దానం ఎత్తి చూపాడు. మాటలు నిజమే. యేసు "మరియొక చోట వ్రాయబడియున్నది" అంటూ ద్వితీయోపదేశకాండం 6:16తో జవాబిచ్చాడు. ఆ "మరియొక చోటు" చూపించాలంటే మిగతా గ్రంథం చదివి ఉండాలి.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం)
రెండో ప్రశ్నకు వస్తాను. మా వైపు ప్రాణాల మీదికి తెచ్చేది అదే. బోరు వేయాలా వద్దా అని ప్రార్థించి బైబిలు తెరిస్తే యెషయా 43:19 వస్తుంది, "ఎడారిలో నదులు పారజేయుచున్నాను" అని. దాంతో అప్పు తెచ్చి ఇంకో 200 అడుగులు దింపుతారు. ఆ అధ్యాయం 14వ వచనంలోనే బబులోను పేరుంది. చెర నుంచి జనాన్ని ఇంటికి నడిపించే దారి గురించిన మాట అది. మన అనంతపురం నేల గట్టి రాయి. నీళ్ళు ఉండేది రాతి పగుళ్ళలో, లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి. వాగ్దానం పేరు చెప్పి లోతు పెంచితే నీళ్ళ కంటే అప్పు ఎక్కువ వస్తుంది.

వాక్యం ఈ విషయంలో దారి చూపదని కాదు, బాగానే చూపిస్తుంది. లూకా 14:28లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడు. సామెతలు 11:14 ఆలోచన చెప్పేవాళ్ళు అనేకులుంటే రక్షణ అంటుంది. అంటే సర్వే చేయించు, పక్క చేలల్లో ఎన్ని బోర్లు ఎండాయో అడుగు, ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడు. ఇది అవిశ్వాసం కాదు, వాక్యానికి లోబడడమే.

గిద్యోను రాత్రి గొఱ్ఱెబొచ్చు పరచి దేవుణ్ణి గురుతు అడిగాడు కదా, మనమూ అడగొచ్చు అంటారు. న్యాయాధిపతులు 6:14లో యుద్ధానికి వెళ్ళమని ఆజ్ఞ ముందే వచ్చింది, బొచ్చు సంగతి 36వ వచనంలో. తెలియని చిత్తం తెలుసుకోవడానికి కాదు, తెలిసినదానికి భయపడి అడిగాడు. అపొస్తలుల కార్యములు 1లో యూదా స్థానంలో ఒకరిని ఎన్నుకోవడానికి చీట్లు వేసిన మాట నిజమే. అక్కడ కూడా ముందు అర్హత పెట్టుకున్నారు, ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, ఆ తర్వాతే చీటీ.

పంట పోయిన ఇంటికి పంపడానికి వచనం కావాలంటే హబక్కూకు 3:17, 18 పంపండి. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అని నష్టాన్ని ఒక్కొక్కటిగా ఎంచి, అప్పుడు "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు. నష్టాన్ని దాటవేయదు కాబట్టి రైతు చెవికి ఎక్కుతుంది.

తెల్లకోటు (కడప)
మందుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. స్వస్థత వచనం వచ్చిందని షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మందులు ఆపేవాళ్ళు ఉన్నారు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వరుసగా రావచ్చు, అది ప్రాణాంతకం.

యెషయా 38 చదవండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు 5వ వచనంలో పదిహేనేళ్ళ ఆయుష్షు వాగ్దానమైంది. అంత స్పష్టమైన వాగ్దానం ఇంకెవరికి దొరుకుతుంది? అయినా 21వ వచనంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం, వైద్యం ఒకే అధ్యాయంలో ఉన్నాయి. పౌలు తన తోటివాడు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు, అతనికి విశ్వాసం లేదని మాత్రం రాయలేదు.

పత్తి మార్కెట్ (ఆదోని)
వాదన బాగుంది. చదవాలనుకున్నవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో కూడా చూద్దాం.

జనవరి 1న ఆదికాండంతో, రోజుకు మూడు అధ్యాయాలు అని మొదలుపెడతారు. ఆదికాండం 50, నిర్గమకాండం 40. ముప్పై రోజులకు 90 అయిపోయి, జనవరి 31న లేవీయకాండం ఎదురవుతుంది. అప్పటికే నిర్గమకాండం 25 నుంచి గుడారం కొలతలతో అలసి ఉంటారు. చాలామంది అక్కడే ఆపేసి మళ్ళీ కార్డుకు తిరిగిపోతారు. లోపం భక్తిలో లేదు, మొదలుపెట్టిన చోటులో ఉంది.

కొత్తవాళ్ళు మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. రోజుకు ఒకటి చొప్పున 16 రోజులు. తర్వాత ఫిలిప్పీ, నాలుగే అధ్యాయాలు కాబట్టి ఒక్కసారే కూర్చుని చదివేయొచ్చు. ఆ తర్వాత ఆదికాండం.

కీర్తనలకు తేదీ లెక్క ఉంది. తేదీ ఎంతో ఆ కీర్తన, దానికి 30 చొప్పున కలుపుతూ ఇంకో నాలుగు. 12వ తేదీ అయితే 12, 42, 72, 102, 132. ముప్పై రోజుల్లో 150 పూర్తవుతాయి. చిక్కు 29వ తేదీన, 119వ కీర్తన పడుతుంది, 176 వచనాలు. దాన్ని 31కి జరపండి, లేదా ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా విడిగా చదువుకోండి. సామెతలు 31 అధ్యాయాలు, తేదీకి ఒకటి.

అన్నిటికంటే ముఖ్యం, తప్పిపోయిన రోజుల బాకీ తీర్చాలని చూడొద్దు. నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాలు ఒకేసారి చదవడం మొదలుపెడతారు, రెండో రోజుకే వదిలేస్తారు. తేదీలు లేని పట్టిక పెట్టుకుని, చదివినదానికి టిక్కు పెట్టుకుంటూ ఆగిన చోటి నుంచే సాగండి. మొత్తం 1189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు అయితే ఏడాదికి సరిపోయి కాస్త వెసులుబాటు కూడా ఉంటుంది. ఏడాదిన్నర పట్టినా నష్టమేమీ లేదు.

గుడి గంట (కర్నూలు)
ఒక సవరణ అన్నా. 1189 అనేది 66 పుస్తకాల లెక్క. మా కతోలిక బైబిల్లో 73 పుస్తకాలు, అధ్యాయాలు ఎక్కువ. మాకు అనుదిన పూజ పఠనాలు ఉన్నాయి: ఒక పఠనం, దానికి స్పందనగా కీర్తన, సువిశేషం. మామూలు దినాల మొదటి పఠనం రెండేళ్ళకోసారి తిరుగుతుంది, ఆదివారాలవి మూడేళ్ళకోసారి. నచ్చిన వచనం ఏరుకునే వీలు లేదు, ఆ రోజు వచ్చింది వినాల్సిందే. ఈ క్రమంలో గద్దింపూ వస్తుంది, ఓదార్పూ వస్తుంది. సి.ఎస్‌.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలకు కూడా ఆదివారం పాఠాల పట్టిక ఉంది కదా, దాన్నే వారమంతా ఇంట్లో వాడుకుంటే సగం గొడవ తీరుతుంది.

మగ్గం (ఎమ్మిగనూరు)
కోటగోడ అన్న చెప్పిన చాలా మాటలు ఒప్పుకుంటాను, కార్డు పారేయమంటే మాత్రం ఒప్పుకోను. నిర్గమకాండం 16లో దేవుడు ఎడారిలో ఇచ్చిన ఆహారం మన్నా తలకు ఒక ఓమెరు కొలత, ఆ రోజుకు మాత్రమే, మరుసటి రోజుకు దాచుకుంటే పురుగు పట్టింది. రోజుకు సరిపడా తీసుకోవడం వాక్యంలోనే ఉంది.

గ్రూపుల్లో వచనం పంపేవాళ్ళకు నా మనవి. పువ్వుల బొమ్మ మీద సగం వచనం వేసి పంపొద్దు, అధ్యాయం సంఖ్య తప్పకుండా రాయండి. పైన ఐదు, కింద ఐదు వచనాలు కలిపి మీరే చదివి, గొంతు రికార్డు చేసి పెట్టండి. రెండు నిమిషాలు దాటదు, చదువు రానివాళ్ళూ వింటారు. చివర్లో ఈ మాట ఎవరు ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో ఒక్క వాక్యం చెప్పండి.

కోటగోడ (గుత్తి)
అది చేస్తే వాట్సాప్ వచనం మీద నాకు అభ్యంతరం లేదు తమ్ముడూ. డిసెంబర్ 31 కార్డు విషయంలో మాత్రం నా మాట మారదు. చీటీలో వచ్చినదాన్ని ఒక మనిషికి, ఒక ఏడాదికి దేవుడిచ్చిన మాటగా ప్రకటించే అధికారం పెట్టెకు లేదు. ఆ రాత్రి సంఘమంతటికీ ఒకే అధ్యాయం ఇవ్వండి. విలాపవాక్యములు 3 తీసుకోండి. "అనుదినము నూతనముగా" అన్న 23వ వచనానికి చేరేముందు ఇరవై వచనాల కన్నీళ్ళు దాటాలి. జనవరిలో వారానికి పదిహేను వచనాల చొప్పున కుటుంబ ప్రార్థనలో చదివితే, 66 వచనాలూ ఐదో వారంలో పూర్తవుతాయి.