రన్‌టైమ్ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆగిపోవాలా, సర్దుకుని నడవాలా?

పెండింగ్‌రివ్యూ:
మా టీమ్‌లో ఒక కోడ్ రివ్యూ ఎంతకీ తెగడం లేదు, మీరే తేల్చండి. రోజూ రాత్రి నడిచే పైథాన్ జాబ్ ఒకటుంది. యూజర్ల వివరాలుండే డైరెక్టరీ సర్వీసును దాని ఏపీఐ ద్వారా అడిగి ప్రస్తుత యూజర్ల జాబితా తెచ్చుకుంటుంది. మా డేటాబేస్‌లో ఉండి ఆ జాబితాలో లేని ఖాతాల్ని డిలీట్ చేస్తుంది. పని అంతే. జాబితా తెచ్చే ఫంక్షన్ మొత్తాన్నీ ట్రై బ్లాకులో, అంటే ఎర్రర్ వస్తే పట్టుకునే ఏర్పాటులో పెట్టారు. ఏ ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) వచ్చినా ఎక్సెప్ట్ భాగం పట్టుకుని, లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి, ఖాళీ లిస్ట్ రిటర్న్ చేస్తుంది.

రాసినాయన మాకు సీనియర్. ప్రొడక్షన్‌లో ప్రోగ్రామ్ పడిపోకూడదు అన్నది ఆయన పట్టు. ఆ ట్రై తీసేద్దాం, ఎర్రర్ వస్తే జాబ్ ఆగిపోనిద్దాం అని నేనంటున్నాను. "ఎర్రర్ హ్యాండ్లింగ్ అంటే చేతులెత్తేయడమా?" అని ఆయన ప్రశ్న.

రాత్రిడ్యూటీ:
నా ఓటు మీ సీనియర్ గారికే. ఆగిపోనివ్వండి అని సలహా ఇచ్చేవాళ్లకు అర్ధరాత్రి ఫోన్ రాదు, మాకొస్తుంది.

లక్ష రికార్డులున్న ఫైల్లో ఒక్క రికార్డులో తేదీ తప్పుగా ఉందనుకోండి. దానికోసం మిగతావన్నీ ఆపేస్తారా? ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టి ముందుకెళ్లాలి. ఒక పేజీలో "మీకు నచ్చవచ్చు" అనే డబ్బా లోడ్ కాలేదు. పేజీ మొత్తానికి 500 ఎర్రర్ (సర్వర్ విఫలమైంది అనే కోడ్) చూపిస్తారా, ఆ డబ్బా లేకుండా పేజీ చూపిస్తారా?

పెద్ద ఉదాహరణ కావాలంటే అపోలో 11 తీసుకోండి. 1969 జూలై 20న చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటర్ 1202 అలారం ఇచ్చింది. పనులు ఎక్కువై చోటు చాలలేదని దాని అర్థం. ముఖ్యం కాని పనుల్ని వదిలేసి, దిగడానికి కావలసిన లెక్కల్ని కొనసాగించింది. అక్కడ ఆగిపోయి ఉంటే?

పాతసీమనిషి:
పెండింగ్‌రివ్యూ గారూ, సిద్ధాంతాలు తర్వాత. మీ కోడ్‌నే ఒకసారి లైను వెంబడి నడిపి చూద్దాం.

రాత్రి ఏపీఐ టైమవుట్ అయింది. ఎక్సెప్షన్ వచ్చింది, ఎక్సెప్ట్ పట్టుకుంది, ఖాళీ లిస్ట్ వెళ్లింది. తర్వాతి లైను ఏం చేస్తుంది? డేటాబేస్‌లోని యూజర్లలోంచి ఆ జాబితాలో ఉన్నవాళ్లను తీసేసి, మిగిలినవాళ్లను డిలీట్ లూప్‌కి ఇస్తుంది. జాబితా ఖాళీ కాబట్టి మిగిలేది అందరూ! జాబ్ మాత్రం సున్నా ఎగ్జిట్ కోడ్‌తో, అంటే పని సవ్యంగా అయింది అని చెప్పి, హాయిగా ముగుస్తుంది. డాష్‌బోర్డు మీద పచ్చ టిక్కు పడుతుంది.

"యూజర్లెవరూ లేరు" వేరు, "ఎవరున్నారో తెలియలేదు" వేరు. ఆ ఫంక్షన్ రెండింటికీ ఒకే జవాబిస్తోంది. పిలిచినవాడికి తేడా తెలిసే దారే లేదు. ఇది హ్యాండ్లింగ్ కాదు, అబద్ధం చెప్పడం.

రాత్రిడ్యూటీ గారు చెప్పిన డబ్బా సంగతి వేరు. అది రాకపోతే చూసేవాడికే తెలుస్తుంది, ఎవరి డేటా పోదు. డిలీట్ అలా కాదు.

ఆగిపోవడమే సరైన హ్యాండ్లింగ్ అయిన సందర్భం కావాలంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూడండి. డిస్కు మీదికి డేటా నిజంగా చేరిందా అని ఎఫ్‌సింక్ కాల్‌తో అడుగుతుంది. విఫలమైతే కాసేపాగి మళ్లీ అడిగేది. వినడానికి బుద్ధిమంతుడి పనిలాగే ఉంది కదా? కానీ లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమయ్యాక, డిస్కుకు రాయని మెమరీ పేజీలకు కూడా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) "శుభ్రం", అంటే రాసేశాను, అని గుర్తు పెట్టేయవచ్చు. రెండోసారి అడిగితే "అంతా బాగానే ఉంది" అంటుంది. డేటా మాత్రం పోయి ఉంటుంది. ఇది 2018లో బయటపడింది. 2019లో వచ్చిన దిద్దుబాటు ఏమిటో తెలుసా? ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ కావాలనే క్రాష్ అవుతుంది, లేచాక రైట్ అహెడ్ లాగ్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) నుంచి తిరిగి కట్టుకుంటుంది. తన మెమరీలో ఉన్నది నమ్మలేనప్పుడు, నమ్మగలిగిన చోటికి వెనక్కి వెళ్లింది.

రాత్రిడ్యూటీ:
ఖాళీ లిస్ట్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను, అది ఘోరం. కానీ ఒక చెత్త కోడ్ చూపించి, అనుమానం వస్తే ఆగిపో అనే సూత్రం చేయకండి.

ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం, 1996 జూన్ 4. దిశ చెప్పే పరికరంలో 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల ఇంటిజర్‌లోకి మార్చబోతే పట్టలేదు, ఎక్సెప్షన్ వచ్చింది. మీకు నచ్చిన పాలసీయే అక్కడా ఉంది: ఎక్సెప్షన్ వస్తే ప్రాసెసర్ ఆపేయాలి. ఆపేసింది. బ్యాకప్ పరికరం అంతకు 72 మిల్లీసెకన్ల ముందే అదే కారణంతో ఆగిపోయింది. మిగిలిన డయాగ్నస్టిక్ చెత్తనే మెయిన్ కంప్యూటర్ నిజమైన డేటా అనుకుని నాజిల్స్ తిప్పేసింది. బయల్దేరిన 40 సెకన్లలోపే రాకెట్ ముక్కలైంది. అన్నిటికంటే దారుణం, ఆ లెక్క నేల మీద ఉన్నంతవరకే అవసరం. ఎగిరాక దాంతో పనే లేదు. ఏరియాన్ 4 నుంచి అలాగే తెచ్చిపెట్టారు. ఆ సంఖ్యను గరిష్ఠ విలువ దగ్గర కత్తిరించి ముందుకెళ్లి ఉంటే ఆ రోజు రాకెట్ ఎగిరేది.

ఎర్లాంగ్‌పిచ్చి:
ఇద్దరూ "ఆగడం" అంటే మొత్తం ఆగడం అనే అనుకుంటున్నారు, అక్కడే వచ్చింది చిక్కు.

ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పని చిన్న చిన్న ప్రాసెస్‌లుగా ఉంటుంది. ఒకటి చస్తే దాని మెమరీ దానితోనే పోతుంది, పక్కవాటికి అంటదు. పైన సూపర్‌వైజర్ ఉండి, తెలిసిన మంచి స్థితి నుంచి దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. రాత్రిడ్యూటీ గారూ, ఏమనుకోకండి, అపోలో ఉదాహరణ మీది కాదు, నాది! ఆ కంప్యూటర్ ఎర్రర్‌ని మింగేసి నడవలేదు. సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్ చేసుకుంది, అవసరమైన పనులనే మళ్లీ ఎత్తుకుంది, పైగా అలారం మోగించి మనుషులకు చెప్పింది కూడా.

ఏరియాన్‌లో అసలు తప్పు ఆగడం కాదని నా వాదన. చెడేది హార్డ్‌వేరే, ఒకటి చెడితే రెండోది అందుకుంటుంది అని లెక్క వేసుకున్నారు. రెండింటిలోనూ అదే సాఫ్ట్‌వేర్, అదే ఇన్‌పుట్. రెండోదీ అలాగే పడుతుంది కదా. రీస్టార్ట్‌ని గుడ్డిగా నమ్మకూడదనేది అందుకే. మా సూపర్‌వైజర్ కూడా డిఫాల్ట్‌గా 5 సెకన్లలో ఒక్క రీస్టార్ట్‌నే ఒప్పుకుంటుంది. రెండోసారి పడితే తనూ ఆగిపోయి పైవాడికి అప్పజెబుతుంది.

కొత్తకీబోర్డ్:
నేను కొత్తగా నేర్చుకుంటున్నాను, తప్పయితే క్షమించండి. మరి ట్రై ఎక్కడ పెట్టాలి? జావాలో కంపైలరే చెక్డ్ ఎక్సెప్షన్‌ని పట్టుకో, లేదా పైకి వదులుతానని థ్రోస్ రాయి అని పట్టుబడుతోంది. విసుగొచ్చి ఖాళీ క్యాచ్, అంటే పట్టుకుని ఏమీ చేయని బ్లాకు, రాసేస్తున్నాను. పైథాన్‌లో ఏ పేరూ రాయని ఎక్సెప్ట్ పెడితే కంట్రోల్ సీ నొక్కినా ప్రోగ్రామ్ ఆగడం లేదు!

పాతసీమనిషి:
కంట్రోల్ సీ కూడా పైథాన్‌లో ఒక ఎక్సెప్షనే బాబూ, కీబోర్డ్ ఇంటరప్ట్. పేరు లేని ఎక్సెప్ట్ దాన్నీ మింగేస్తుంది. కనీసం ఎక్సెప్షన్ అనే క్లాస్ పేరైనా రాయి, అది దాన్ని వదిలేస్తుంది. అసలైతే టైమవుట్ ఎర్రర్ లాంటి కచ్చితమైన పేరు రాయి.

ఎక్కడ పట్టుకోవాలంటే, నువ్వు ఏదైనా చేయగలిగిన చోట. ఫైల్ తెరిచే ఫంక్షన్‌కి ఆ ఫైల్ ఎందుకో తెలియదు, అది పైకి చెప్పి ఊరుకోవాలి. సెట్టింగ్స్ ఫైల్ లేకపోతే డిఫాల్ట్‌లతో నడవవచ్చు అన్నది దాన్ని పిలిచినవాడికి తెలుసు, వాడు పట్టుకోవాలి. నెట్‌వర్క్ తెగితే మళ్లీ ప్రయత్నించవచ్చు, కానీ ప్రతిసారీ విరామం పెంచుతూ. అదీ రెండుసార్లు చేసినా ఫలితం మారని పనికే. డబ్బు పంపే రిక్వెస్ట్ టైమవుట్ అయితే అవతల అది జరిగిందో లేదో నీకు తెలియదు. రిక్వెస్ట్‌కి ఒక ఐడీ లేకుండా మళ్లీ పంపావో, డబ్బు రెండుసార్లు పోవచ్చు. ఇక అర్రే ఇండెక్స్ హద్దు దాటిందంటే అది నీ బగ్. దాన్ని పట్టుకుని చేసేదేమీ లేదు, కోడ్ దిద్దుకోవాలి.

ఖాళీ క్యాచ్ మాత్రం వద్దు. 2014లో ఓఎస్‌డీఐ అనే కంప్యూటర్ సిస్టమ్స్ సదస్సులో ఒక పరిశోధన వచ్చింది. కసాండ్రా, హెచ్‌బేస్, రెడిస్ లాంటి ఐదు డిస్ట్రిబ్యూటెడ్ (చాలా మెషీన్ల మీద కలిసి నడిచే) సిస్టమ్స్‌లోని వైఫల్యాల్ని తవ్వి చూశారు. సిస్టమ్ మొత్తం కూలిన కేసుల్లో 92 శాతానికి కారణం, ప్రాణాంతకం కాని ఎర్రర్ స్పష్టంగా తెలిసినా దాన్ని తప్పుగా హ్యాండిల్ చేయడమే. ఎర్రర్ దారిలో రాసే కోడ్‌ని ఎవరూ టెస్ట్ చేయరు, అదీ సంగతి.

రాత్రిడ్యూటీ:
ఆ 92 శాతం నా వాదనకే పనికొస్తుంది సార్. బాగా హ్యాండిల్ చేసి ఉంటే కూలేవి కావనేగా?

మెయిన్ లూప్ దగ్గర, రిక్వెస్ట్ హ్యాండ్లర్ దగ్గర అన్నిటినీ పట్టే క్యాచ్ ఒకటి ఉండాలన్న మాట మీద నేనింకా ఉన్నాను. ఒకరి రిక్వెస్ట్ చెడిందని అందరి సర్వర్ పడకూడదు. స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల దారిలో వచ్చిందో చెప్పే జాబితా) మొత్తం లాగ్‌లో రాయండి, ఆ యూజర్‌కి 500 ఇవ్వండి, తర్వాతి రిక్వెస్ట్ అందుకోండి.

పాతసీమనిషి:
అక్కడ ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. 500 అంటే "చేయలేకపోయాను" అని నిజం చెప్పడమేగా. 200 (అంతా సవ్యం అనే కోడ్) పంపి లోపల ఖాళీ డేటా పెడితేనే నాకు ఒళ్లు మండేది.

పెండింగ్‌రివ్యూ:
ఇక్కడి మాటలు సీనియర్ గారికి చూపించాను. పాతసీమనిషి గారు లైను వెంబడి నడిపిన ముక్క చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఇంకో ప్రశ్న వేశారు: ఏపీఐ అసలు ఎక్సెప్షనే ఇవ్వకుండా, 200 స్టేటస్‌తో ఖాళీ లిస్ట్ పంపితే? నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పినట్టు ట్రై తీసేసినా అందరూ డిలీట్ అయ్యేవాళ్లే.

ప్రస్తుతానికి ఇలా మార్చాం. టైమవుట్‌కి మాత్రమే రీట్రై. ఆ తర్వాతా రాకపోతే ఎక్సెప్షన్ పైకి వెళ్లిపోతుంది, జాబ్ ఎర్ర గుర్తుతో ఆగుతుంది. డిలీట్ చేయాల్సినవాళ్లు మొత్తంలో 2 శాతం దాటితే ఎవరినీ ముట్టుకోకుండా ఆగి మెయిల్ పంపుతుంది. డిలీట్ కూడా నేరుగా కాదు, ముందు ఖాతాని డిజేబుల్ చేస్తుంది. పడిపోకూడదన్న పట్టు ఆయన ఇంకా వదల్లేదు, ఈ ఒక్క జాబ్‌కే మినహాయింపు అంటున్నారు.

రాత్రిడ్యూటీ:
2 శాతం బాగుంది. జాబితా పేజీలు పేజీలుగా వస్తుందా? చివరి పేజీ రాకుండా తెగిపోతే, అందులో ఉండాల్సినవాళ్లు 2 శాతంలోపే ఉంటే మీ హద్దు పట్టుకోదు. మొత్తం ఎంతమందో ఏపీఐ చెబుతుందేమో చూడండి. చెబితే వచ్చిన సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే ఆపేయండి. అవును, ఆపేయమని నేనే అంటున్నాను, స్క్రీన్‌షాట్లు తీయకండి.