గంజాయి కేసుల లెక్క చూసి మండలాలు ఎంచుకోవచ్చా? (అనకాపల్లి జిల్లా, మత్తు నివారణ)

శారదా తీరం:
మా స్వచ్ఛంద సంస్థకి అనకాపల్లి జిల్లాలో ఏడాదిపాటు మత్తు నివారణ కార్యక్రమం నడపడానికి కొద్దిగా నిధులు వచ్చాయి. 24 మండలాలున్నాయి, నాలుగింటికి మించి మావల్ల కాదు. ఎంపికకి అంకెలు చూపించమని జిల్లా కమిటీ అడుగుతోంది. చేతిలో ఉన్నవి మూడు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5) విశాఖపట్నం జిల్లా పత్రం, గంజాయి కేసుల మండలవారీ సంఖ్య, ఒక డీఅడిక్షన్ సెంటర్ ఓపీ లెక్క. కేసుల్లో నర్సీపట్నం వైపు మండలాలే పైన ఉన్నాయి. వాటినే తీసుకోమంటారా? 2019 జాతీయ నివేదికలోని గంజాయి శాతాన్ని మన జనాభాతో గుణించి అంచనా వేయవచ్చా?

సర్వే లెక్కలు:
ఆ గుణకారం వద్దండి. 2019లో వచ్చిన మత్తు పదార్థాల నివేదిక ఎయిమ్స్ నేతృత్వంలో జరిగింది. ఇళ్ల సర్వే దేశం మొత్తం మీద 186 జిల్లాల్లోనే చేశారు, ఫలితాలు రాష్ట్ర స్థాయి వరకే ఇచ్చారు. అందులో గంజాయి, భంగు కలిపి 2.8 శాతం అన్నది 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో ఏడాదిలో ఒక్కసారైనా వాడినవాళ్లను లెక్కేసిన దేశ సగటు. దాన్ని మండల జనాభాతో గుణిస్తే అన్ని మండలాలకీ ఒకటే శాతం వస్తుంది. ఏ మండలం ఎంచుకోవాలన్నదానికి అందులో జవాబు లేదు.

ఆ నివేదిక పనికొచ్చేది వయసు విషయంలో. వైట్నర్, థిన్నర్, జిగురు లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువ కనిపించిన మత్తు అదొక్కటే. కాబట్టి కార్యక్రమం ఇంటర్ కాలేజీలో మొదలుపెడితే ఆలస్యమే, ఆరేడు తరగతుల్లోనే మొదలుపెట్టాలి.

ఇక ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5. మన రాష్ట్రంలో 2019లో, పాత 13 జిల్లాల లెక్కన చేశారు. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంటే మీ దగ్గరున్న పత్రంలో విశాఖ నగరం, పాడేరు ఏజెన్సీ, మీ మైదాన మండలాలు మూడూ కలిసిపోయి ఉన్నాయి. ఆ సగటు ఈ మూడింటిలో దేనిదీ కాదు. విడి డేటా (ఇంటింటి రికార్డులు) తీసుకుని అనకాపల్లి భాగాన్ని వేరు చేద్దామని చాలామంది ప్రయత్నిస్తారు. ఇక్కడే దెబ్బతింటారు: గోప్యత కోసం క్లస్టర్ల (సర్వేకి ఎంచుకున్న ఊళ్లు, వార్డుల) జీపీఎస్ స్థానాలను కావాలనే జరుపుతారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో 5 దాకా, నూటికి ఒక పల్లె క్లస్టర్‌ను 10 దాకా. పాత జిల్లా హద్దు దాటకుండా చూస్తారు కానీ కొత్త హద్దు సంగతి ఆ సర్వేకి తెలియదు. గొలుగొండ దగ్గర కనిపించే క్లస్టర్ నిజానికి హద్దు అవతల, ఏజెన్సీలోని కొయ్యూరుది కావచ్చు. పైగా శాంపిల్ వెయిట్లు (ఒక్కో జవాబు ఎంతమంది తరఫున లెక్కకొస్తుందో చెప్పే అంకెలు) పాత జిల్లాకి కట్టినవి.

జిల్లాల మధ్య పోలికలోనూ జాగ్రత్త. ఒక జిల్లాలో 1,100 మంది మగవాళ్ల సమాచారం ఉండి, తాగేవాళ్లు 43 శాతం అని తేలిందనుకోండి. ఒకే ఊరివాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి వేసే సవరణ, అంటే డిజైన్ ఎఫెక్ట్, 2 వేస్తే అటూ ఇటూ 4 పాయింట్ల తేడాకి అవకాశం ఉంటుంది. అలాంటి రెండు జిల్లాల మధ్య 6 పాయింట్ల లోపు తేడా ఉంటే ఇది ఎక్కువ, అది తక్కువ అనకూడదు. ఇంకోటి, ఆ పత్రంలోని 15 ఏళ్లు పైబడినవాళ్ల మద్యం, పొగాకు అంకెలు ఇంటి షెడ్యూలులోంచి వచ్చినవి. ఇంట్లో ఒకరు అందరి తరఫునా చెప్పినవి. పదహారేళ్ల కొడుకు చాటుగా కాల్చే సిగరెట్ తల్లి చెప్పే జవాబులో ఉండదు. గంజాయి ప్రశ్న ఆ పత్రంలో అసలే లేదు.

చెక్‌పోస్టు దారి:
కేసుల విషయం నేను చెప్తాను. చింతపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా జాతీయ రహదారికి సరుకు దిగే దారి అది. అక్కడ కేసులు ఎక్కువంటే తనిఖీలు ఎక్కువని, రవాణా ఎక్కువని అర్థం. ఊళ్లో పిల్లలు వాడుతున్నారని కాదు.

మొత్తం సంఖ్య పక్కన పెట్టి ఎఫ్‌ఐఆర్ వారీ పట్టిక అడగండి. ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టంలో గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో వరకు, వాణిజ్య పరిమాణం అంటే 20 కిలోలకు పైన. సెక్షన్ 20 కింద చిన్న, మధ్య, వాణిజ్య స్థాయిలు మూడింటికీ ఎ, బి, సి అని వేర్వేరు ఉపభాగాలుంటాయి, వాడకానికి సెక్షన్ 27 విడిగా ఉంది. సి కేసులన్నీ తీసేయండి, అవి దారి లెక్క. ఎ, 27 కేసులు మిగుల్చుకోండి. వాటిని కూడా పట్టుబడిన చోటును బట్టి కాకుండా నిందితుడి నివాస మండలాన్ని బట్టి లెక్కించండి. ఇతర రాష్ట్రాల చిరునామాలు అక్కడే రాలిపోతాయి. పేర్లు మీకు అక్కర్లేదు: మండలం, వయసు బృందం, సెక్షన్, నెల చాలు. ఒక్క నెలలో కేసులు ఎగబాకితే ఆ నెల ప్రత్యేక డ్రైవ్ జరిగిందేమో కనుక్కోండి.

ఇలా వడపోశాక నర్సీపట్నం వైపు మండలాలు కిందికి జారి, అనకాపల్లి పట్టణం, పరవాడ, అచ్యుతాపురం లాంటి పారిశ్రామిక మండలాలు పైకి రావచ్చు, రాకపోవచ్చు కూడా. ముందే తేల్చేసుకోకండి.

ఓపీ చీటీ:
సెంటర్ లెక్కలో మొదటి చిక్కు దూరం. బస్సు దిగితే సెంటర్ కనిపించే మండలం నుంచి ఎక్కువమంది వస్తారు, రెండు బస్సులు మారాల్సిన మండలం నుంచి రారు. అందుకే తక్కువ ఓపీ ఉన్న మండలాన్ని సమస్య లేని మండలం అనుకోవద్దు. రెండో చిక్కు, ఓపీ సంఖ్యలో పాత రోగులు మళ్లీ మళ్లీ వచ్చిన సార్లు కూడా కలిసి ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్లు మాత్రమే అడగండి. ఐసీడీ-10 (జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ) కోడ్ వారీగా ఇమ్మనండి: ఎఫ్10 మద్యం, ఎఫ్11 నల్లమందు రకాలు, ఎఫ్12 గంజాయి, ఎఫ్13 నిద్రమాత్రలు, ఎఫ్17 పొగాకు, ఎఫ్18 పీల్చే ద్రావకాలు. కోడ్ రాయని చోట అంతా ఎఫ్19లో (కలగలుపు, ఇతర మత్తులు) పడేసి ఉంటారు. ఎఫ్19 వాటా పెద్దదైతే ఆ సెంటర్ పదార్థాల విభజనను నమ్మకూడదు.

నివారణకి అసలైన కాలమ్ మాత్రం ఇది: మొదట వాడిన వయసు. వైద్యానికి వచ్చేది ముప్పైల్లో కావచ్చు, మొదలైంది పద్నాలుగులో కావచ్చు. కేస్ షీట్లలో ఇది ఉంటుంది, నెలవారీ నివేదికలో ఉండదు. ప్రత్యేకంగా అడగాలి.

నిద్రమాత్రలు, మత్తుకి వాడే నొప్పి మాత్రల విషయంలో ఇంకో దారి ఉంది. ఆల్ప్రజోలం, ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందులు. ప్రతి మందుల షాపూ డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టర్ మీ చేతికి రాదు, రాకూడదు కూడా. మండలవారీ మొత్తం పరిమాణాన్ని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ద్వారా కమిటీ అడగొచ్చు.

శారదా తీరం:
అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు. మండలాల పట్టిక కమిటీకి ఇస్తే అది వాట్సాప్‌లో తిరుగుతుంది. ఊళ్ల పేర్లు చెడకుండా ఎలా ఇవ్వాలి? ఏడాది చివర ఫలితం దేనితో కొలవాలి?

ఓపీ చీటీ:
పట్టికలో పది కన్నా తక్కువ సంఖ్య ఉన్న గడిని మూసేయండి, అంకె చూపించకండి. ఒక్క గడి మూస్తే సరిపోదు. డివిజన్ మొత్తం 46 అని రాసి, మిగతా మండలాలన్నీ చూపిస్తే తీసివేతతో ఆ ఒక్కటీ బయటపడుతుంది. అదే వరుసలో రెండో గడి కూడా మూయాలి. లేదా మూడేళ్లు కలిపి ఇవ్వండి. ఊరి స్థాయి పట్టిక అసలు తయారు చేయొద్దు: ఒక ఊళ్లో 19 ఏళ్ల ఎఫ్12 కేసు ఒకటే ఉంటే అది ఎవరో ఊరందరికీ తెలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని సెక్షన్ 23 ఆ గోప్యతను రోగి హక్కుగా చెప్తుంది. 'ఇతర వివరాలు' అనే కాలమ్ ఉంటే ఫైల్ అందుకోకముందే తీయించండి, ఫోన్ నంబర్లు దాక్కునేది అక్కడే.

సర్వే లెక్కలు:
గంజాయితో కొలవకండి. 600 మంది పిల్లల్లో ఒక శాతం అంటే ఆరుగురు. ఆరు నాలుగైతే ఏమీ రుజువు కాదు. గత 30 రోజుల్లో పొగాకు, మద్యం వాడకం అడగండి. వెయ్యి మందిలో పొగాకు 8 శాతం ఉంటే, ఒకే బడి పిల్లలు ఒకేలా ఉంటారు కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ 2 వేసినా, అటూ ఇటూ సుమారు 2.4 పాయింట్లలో తేలుతుంది. మొదట్లోనూ చివర్లోనూ అవే తరగతులు, అదే నెల. పని చేయని రెండు మండలాల్లోనూ అదే సర్వే చేయాలి. లేకపోతే రాష్ట్రమంతటా వచ్చిన మార్పు మీ ఖాతాలో పడుతుంది. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. కాగితంపై పేరు వద్దు, పెట్టెలో వేయించండి, ఆ గంట క్లాస్ టీచర్ గదిలో ఉండకూడదు. పదార్థాల జాబితాలో లేని మత్తు పేరొకటి కల్పించి చేర్చండి. దానికి 'అవును' అన్న కాగితాలను లెక్కలోంచి తీసేయండి.

చెక్‌పోస్టు దారి:
దీంతోపాటు ఒక లెక్క మీరే కాలినడకన చేయొచ్చు. బడి ప్రహరీ నుంచి 100 గజాల లోపు (దాదాపు 91 మీటర్లు) పొగాకు అమ్మకం కోట్పా (పొగాకు ఉత్పత్తుల చట్టం) సెక్షన్ 6 ప్రకారం నిషిద్ధం. టేపు పట్టుకుని ప్రతి బడి చుట్టూ కొట్లు లెక్కేయండి, మూడు నెలలకోసారి మళ్లీ. బడికి ఎన్ని కొట్లు అన్నది ఒక్క ఏడాదిలోనే కదిలే అంకె, తగ్గకపోతే ఎవర్ని అడగాలో కూడా కమిటీకి తెలుస్తుంది.